మేడారంలో మా ఐదు వాట్ల వాకీటాకీ

మేడారం జాతరలో మనుషులు తప్పిపోకుండా చిన్న వాకీటాకీలు కొనుక్కుంటే లైసెన్స్ కావాలా, వాటి శక్తి తక్కువే కదా అని మీరు అడిగారు. అదే మాట నమ్మి 2024 ఫిబ్రవరి జాతరలో రెండు సెట్లు పోగొట్టుకున్నవాడిని కనుక చెబుతున్నాను.

వాటిని ఆన్‌లైన్‌లో తెప్పించినది మా బావమరిది. “ఐదు వాట్లంటే ఎంత బావా, ఇంట్ల జీరో బల్బంత సుత లేదు” అని హనుమకొండలో బస్సెక్కేటప్పుడే నా నోరు మూయించాడు. జంపన్నవాగు దగ్గర సిగ్నల్ కోసం జనమంతా ఫోన్లు పైకెత్తి తిరుగుతుంటే, మేము దర్జాగా బటన్ నొక్కి మాట్లాడుకున్నాము. అవతలి ఒడ్డు నుంచి అతడు “బంగారం ఎవరి దగ్గరున్నది?” (అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్ని అక్కడ బంగారమే అంటారు) అని మూడోసారి అడిగి బటన్ వదిలిన క్షణంలో, అంబులెన్సుకు దారి ఇవ్వమని ఎవరో చెబుతున్న మాట చివరి ముక్క నా సెట్‌లో వినిపించింది. ఆ మాట మొదటి భాగాన్ని మా బెల్లం ముచ్చటే మింగేసిందని నాకు అప్పుడు అర్థమయింది. కాసేపటికే ఒక కానిస్టేబుల్ నా చేతిలోని ఏరియల్‌ను చూసి వచ్చి, “ఏ డిపార్ట్‌మెంట్ అన్నా మీది?” అని అడిగాడు. నెత్తిన బెల్లం బుట్ట పెట్టుకున్నవాడు ఏమని చెప్పగలడు? పేర్లు, ఊరు రాసుకొని, సెట్లు రెండూ తీసుకొని మమ్మల్ని వదిలేశారు.

చట్టం మొదట చూసేది ఫ్రీక్వెన్సీని, ఆ తరువాతే వాట్లను. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న సిటిజన్ బ్యాండ్‌లో, ఏరియల్ సెట్‌లోనే అమరి ఉంటే, అవే ఐదు వాట్లకు లైసెన్స్ అక్కరలేదు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న పట్టీని 2018 నియమాలు తక్కువ శక్తి సెట్లకు వదిలిపెట్టాయి. మా సెట్ మాత్రం మీటలు నొక్కితే ఏ అంకెకైనా వెళ్లేది కనుక దానికి ఏ మినహాయింపూ వర్తించదు. పైగా అప్పుడు అమలులో ఉన్న 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్స్ లేని ట్రాన్స్‌మిటర్‌ను వాడకుండా దగ్గర ఉంచుకున్నా నేరమే. దానికి మూడేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మా సెట్లకు పెట్టిన డబ్బు ఆ జరిమానా కన్నా ఎక్కువే. ఆ పాత చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు.

నాకు కోపమంతా అమ్మేవాళ్ల మీదే. మా డబ్బా మీద బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో పెద్ద అక్షరాలతో ఉంది, ఫ్రీక్వెన్సీ మాత్రం ఎక్కడా లేదు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మేవారు ఫ్రీక్వెన్సీని, లైసెన్స్ అవసరమో కాదో స్పష్టంగా చూపాలి, సెట్‌కు ఈటీఏ (ఆ రకం పరికరానికి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) ధ్రువపత్రం కూడా ఉండాలి. అవి కనబడకపోతే ఎంత చవకైనా కొనకండి. ఐదు వాట్ల మీదే మనసుంటే పరీక్ష రాసి హామ్ లైసెన్స్, అంటే సరదాకు రేడియోలో మాట్లాడుకునేవారికి ఇచ్చే లైసెన్స్, తెచ్చుకోవచ్చు, కానీ దానితోనూ హామ్‌లకు కేటాయించిన బ్యాండ్లలో, లైసెన్స్ ఉన్నవారే మాట్లాడాలి.

2026 జనవరి జాతరకు మా బావమరిది పొడుగాటి వెదురుకర్రకు పసుపు రంగు జాకెట్ ముక్క కట్టి తెచ్చాడు. పదిమందిమీ దాని వెనుకే నడిచి గద్దెలు చేరుకున్నాము.