చెప్పని మాట ఎక్కడుంది? పాత దెయ్యాల అనిమేపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే గూటి పక్షులు. 1990ల నాటివీ 2000 తర్వాత రెండు మూడేళ్ళవీ జపాన్ అనిమేలు (బొమ్మలు గీసి తీసిన సినిమాలూ సీరియళ్ళూ), వాటిలో ప్రేతాలు, శాపాలు, మంత్రాలు. వాటి మధ్య ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ నడుమ ఎవరూ పేరు పెట్టని బంధం. పేర్లు వేయొద్దన్నవాళ్ళు ఎక్కువ కాబట్టి అందరివీ ఊళ్ళే వేస్తున్నాం.

మా హాస్టల్లో అందరం కలిసి 'యామి నో మత్సుయెయ్' చూసినాం. ఆ ఇద్దరి మధ్య ఏందో ఉందని అందరికీ అనిపిస్తా ఉంది. ఒక్కరూ నోరు తెరిచి చెప్పరు. అయినా మళ్ళీ చూడబుద్ధేస్తా ఉంది. ఎందుకంటారు? (కావలి)

మీ 'ఏందో'కి మన దగ్గర 9వ శతాబ్దం నుంచే పేరుంది: ధ్వని. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఒక ప్రాకృత పద్యం ఎత్తుకుంటాడు. ఒకావిడ సన్యాసితో అంటుంది: "ఇక భయం లేకుండా తిరగండి స్వామీ, మిమ్మల్ని బెదరగొట్టే కుక్కని గోదావరి పొదల్లో ఉండే సింహం ఇవాళే చంపేసింది." పైకి చూస్తే రమ్మంటోంది. అసలు సంగతి, ఇటు రావద్దని. ఎందుకు రావద్దో పద్యంలో ఒక్క ముక్క కూడా లేదు, అది ఆవిడ ప్రియుణ్ణి కలుసుకునే చోటని వినేవాడే పట్టుకోవాలి. పట్టుకున్నవాడికి అది తన సొంతం అయిపోతుంది. మీరు మళ్ళీ మళ్ళీ చూడటం అందుకే.

ఇక దెయ్యాల పని ఏమిటంటారా? ఇద్దరు మామూలు మనుషులు దగ్గరగా ఉండాలంటే కథ కారణం చెప్పాలి. అతీత శక్తుల కథలో ఆ కారణం ఒక నియమంగా వచ్చేస్తుంది. మీరు చూసినదాన్నే తీసుకోండి. త్సుజుకి, హిసోకా ఇద్దరూ చచ్చిపోయి ఎన్మాచోలో కొలువు చేస్తున్నవాళ్ళు. ఎన్మా అంటే మన యముడే, చైనా మీదుగా వెళ్ళి పేరు అలా మారింది. యముడి ఆఫీసు, అందులో జీతం చాలక గొణిగే ఉద్యోగి మన సినిమా చూసినవాళ్ళకి కొత్తేమీ కాదు. ఆ కొలువులో జంటగా పనిచెయ్యాలన్నది నియమం, కాబట్టి వాళ్ళని ఎవరూ విడదీయరు. హిసోకాకి ఇతరుల మనసులోని బాధ తనకి అంటుకునే గుణం ఉంది, ముట్టుకుంటే మరీ ఎక్కువ. ఇక అక్కడ భుజం మీద చెయ్యి వేయడం చిన్న విషయం కాదు. వేరే కథలో పది పేజీల సంభాషణ చేసే పని ఇక్కడ ఒక్క స్పర్శ చేస్తుంది.

(చివరి భాగం చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) క్యోటో కథలో త్సుజుకి బతకాలన్న కోరిక వదిలేసుకుని తోడా అనే అగ్నిసర్పాన్ని పిలిచి మంటల్లో కూర్చుంటాడు. హిసోకా ఆ మంటల్లోకి వస్తాడు. అక్కడ జరిగేది కాపాడటం కూడా కాదు, వదిలి వెళ్ళనని పక్కనే ఉండిపోవడం. అది స్నేహమా ఇంకేదైనానా అని రచన తేల్చదు. తేల్చి ఉంటే ఆ సన్నివేశం ఇంత బరువుగా ఉండేది కాదని మా అభిప్రాయం.

ఇప్పటి అనిమేల్లో నేరుగా చెప్పేస్తున్నారు, అది మంచిదే కదా. పాతవే గొప్ప అనడం వయసు మీద పడ్డ లక్షణం కాదా? (ఒంగోలు)

సగం ఒప్పుకుంటాం. నేరుగా చెప్పడం మంచిదే, దాచుకోవలసి రావడం గొప్పేమీ కాదు. కానీ ఆ దాపరికంలోంచి ఒక పనితనం పుట్టింది, దాన్ని కాదనలేం. అమ్మాయిల మాంగా (బొమ్మల కథల) పత్రికల్లో హగియో మోతో 1972లోనే రక్తపిశాచ బాలుల కథ మొదలుపెట్టింది. 1978లో ఇలాంటి కథలకే 'జునె' అనే పత్రిక వచ్చింది. 1990లలో 'బాయ్స్ లవ్' అన్న పేరుతో విడిగా ఒక అర ఏర్పడ్డాక ఆ అరలోవి సూటిగా చెప్పడం మొదలుపెట్టాయి, మామూలు పత్రికల్లో వచ్చేవి ధ్వనితోనే నెట్టుకొచ్చాయి. టీవీకి వెళ్ళినవి ఎక్కువగా ఈ రెండో రకమే. అబ్బాయిల పత్రికలూ తక్కువ తినలేదు: నగాయ్ గో 'డెవిల్‌మాన్' (1972-73) చివర ఎవరికి ఎవరి మీద ప్రేమో చదివి చూడండి.

ఇంకో కారణం డబ్బు, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సెకనుకు 24 ఫ్రేములుంటే టీవీ అనిమేకి తరచు 8 బొమ్మలే గీస్తారు, ఒక్కో బొమ్మ మూడు ఫ్రేములు నిలుస్తుంది. బడ్జెట్ బిగిసినప్పుడు అదీ ఉండదు. ముఖం కదలదు, జుట్టు కొసలు మాత్రం ఊగుతుంటాయి, లేదా పూల రేకులు పడే ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తుంటుంది. నాలుగైదు సెకన్లు ఒక ముఖం అలా కదలకుండా ఇంకో ముఖాన్ని చూస్తుంటే చూసేవాడు ఊరుకోడు, మధ్యలో ఏదో ఒకటి నింపేస్తాడు. ఈసారి అలాంటి చోట రేకుల్ని గమనించండి, ఏడెనిమిది రేకులు గుర్తుపెట్టుకుంటే అవే మళ్ళీ రావడం కనిపెడతారు.

1996 నాటి 'ఎక్స్' సినిమాతో మొదలుపెట్టినా. ఒక్క ముక్క అర్థం కాలా. నాదే తప్పా? (ఆత్మకూరు)

మీ తప్పు కాదు. చాలా సంపుటాల కథని, అదీ పూర్తికాని కథని, గంటన్నరలో కూరారు. అందులో సుబారు, సెయిషిరో అనే ఇద్దరు ఎదురుపడితే వాళ్ళ మధ్య ఇదివరకు ఏదో జరిగిందని తెలుస్తుంది కానీ ఏం జరిగిందో ఆ సినిమాలో దొరకదు. ఆ కథంతా 'ఎక్స్' గీసిన క్లాంప్ బృందమే గీసిన 'టోక్యో బాబిలోన్' మాంగాలో ఉంది, మొత్తం 7 సంపుటాలు. ముందు అది చదవండి. దాని పేరుతో వచ్చిన రెండు ఓవీఏలు (టీవీలో కాకుండా నేరుగా వీడియోగా వచ్చినవి; 1992, 1994) విడి కథలు, వాటితో అసలు ముడి విప్పలేరు. తర్వాత 24 భాగాల 'ఎక్స్' టీవీ సిరీస్ (2001-02). సినిమా ఆఖర్న, బొమ్మల కోసం.

పెద్దవాళ్ళ కథ కావాలంటే 'మిరాజ్ ఆఫ్ బ్లేజ్' (2002, 13 భాగాలు). ఉయెసుగి కెన్‌షిన్ అనే యోధుడి దత్తపుత్రుడు కగెతొరా వారసత్వ యుద్ధంలో 1579లో చనిపోయాడు, అది చరిత్ర. కథలో అతనూ అతని అనుచరుడు నవోయే 400 ఏళ్ళుగా పరకాయ ప్రవేశాలు చేస్తూ దుష్ట ప్రేతాల్ని సాగనంపుతుంటారు. ఇప్పుడు కగెతొరాకి గతం గుర్తులేదు, తకాయా అనే స్కూలు కుర్రాడిగా తిరుగుతున్నాడు. నవోయేకి అన్నీ గుర్తే. శకుంతలకి గుర్తుండి దుష్యంతుడికి లేకపోతే ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా? ఇక్కడ తేడా ఏమిటంటే, నవోయే దగ్గర చూపించడానికి ఉంగరం లేదు, పైగా వాళ్ళ గతంలో అతను చేసిన నేరం ఉంది. ముగింపు మాత్రం ఆశించకండి. నవలలు 40, అనిమే మొదటి కొన్నిటితో ఆగిపోతుంది. 2004లో ఇంకో మూడు భాగాల ఓవీఏ వచ్చింది, అంతే.

13 భాగాలంటే ఒక్కోటి 24 నిమిషాల లెక్కన ఐదు గంటల పైచిలుకు. మొదటి పాట, చివరి పాట చెరి 90 సెకన్లు, తీసేస్తే నాలుగున్నర గంటలు. ఒక్క రాత్రిలో లాగించొద్దు. ఈ కథలు చేపల పులుసు లాంటివి, మర్నాటికి ఊరతాయి. 'యామి'ని కథల వారీగా చూడండి: 1-3, 4-6, 7-9, 10-13.

'మిరాజ్'లో మంత్రం చదువుతుంటే పక్క గదిలోంచి మా తాతయ్య "ఒరే, అది మన మంత్రమేరా" అన్నాడు. నిజమేనా? (సింగరాయకొండ)

తాతయ్య చెవి పదునైంది. వాళ్ళు చదివేది "నౌమకు సమ్మంద బోదనన్ బయిషిరమందయ సోవకా" అని. విడగొట్టండి: నమః సమంత బుద్ధానాం, వైశ్రవణాయ, స్వాహా. బిషామొన్‌తెన్ అంటే వైశ్రవణుడు, అంటే మన కుబేరుడు. కెన్‌షిన్ ఆరాధించిన దైవం కూడా అదే, కథ దాన్నే వాడుకుంది. సంస్కృతం చైనా లిపిలోకి, దాన్నుంచి జపాన్ నోటికి వెళ్ళేసరికి స్వాహా 'సోవకా' అయింది, ఓం 'ఒన్' అయింది. మిగతా అనిమేల్లోనూ 'ఒన్' అని మొదలై 'సోవకా' అని ముగిసేదేదైనా చెవిన పడితే మధ్యలో దేవత పేరు వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది. మనవాళ్ళకి ఈ కథలు పరాయిగా అనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

పాత డీవీడీలోంచి తీసిన ఫైలు. మనుషులు కదిలితే అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోతున్నాయి, ముఖాలు ఉబ్బిపోయాయి. సబ్‌టైటిల్స్ మొదట సరిగ్గా ఉండి చివరికొచ్చేసరికి నిమిషం తేడా. (చీమకుర్తి)

మూడూ వేరు వేరు జబ్బులు. దువ్వెన పళ్ళు ఇంటర్‌లేసింగ్ వల్ల. పాత టీవీ కోసం ఒక ఫ్రేముని సరి గీతలు, బేసి గీతలుగా చీల్చి రాశారు, మీ తెర రెండింటినీ ఒకేసారి చూపిస్తోంది. కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి డి కీ నొక్కితే డీఇంటర్‌లేస్ ఆన్ అవుతుంది, మెనూలో 'యాడిఫ్' పద్ధతి ఎంచుకోండి. ఉబ్బిన ముఖాలు, 4:3 బొమ్మని 16:9కి సాగదీయడం వల్ల. 'ఏ' కీ నొక్కుతూ 4:3 దగ్గర ఆపండి. టీవీ అయితే రిమోట్‌లో పిక్చర్ సైజు మార్చండి. పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి, ఆ పొడవాటి మనుషుల్ని అలాగే గీశారు.

మూడోది వేగం. బొమ్మ సెకనుకు 23.976 ఫ్రేములది. దాన్ని 'పాల్' అనే పాత టీవీ పద్ధతికి 25తో తిప్పితే 4 శాతం వేగం పెరిగి 24 నిమిషాల భాగం 23లో అయిపోతుంది. మీ సబ్‌టైటిల్ అసలు వేగానికి రాసింది. జి, హెచ్ నొక్కి జరిపితే ఒక చోట కుదిరి ఇంకో చోట తప్పుతుంది, అది ఆలస్యానికి మందు, వేగానికి కాదు. 'సబ్‌టైటిల్ ఎడిట్' అనే ప్రోగ్రాంలో చేంజ్ ఫ్రేమ్ రేట్‌కి వెళ్ళి 23.976 నుంచి 25కి మార్చి సేవ్ చేయండి. అసలు డిస్కే కొంటుంటే జపాన్‌ది రీజియన్ (ఏ దేశాల ప్లేయర్లలో తిరగాలో చెప్పే అంకె) 2, మన దేశానిది 5, మామూలు ప్లేయర్ తిప్పదు.

ఎనిమిదో తరగతి పిల్లాడు చూడొచ్చునా? (కోవూరు)

వద్దమ్మా. ముద్దుల సంగతి కాదు, అవి దాదాపు లేవు. 'యామి'లోనూ 'మిరాజ్'లోనూ లైంగిక హింస ప్రస్తావనలున్నాయి, ఆత్మహత్య ఉంది, రక్తం ధారాళం. పైగా వీటిలో కొన్ని జంటల్లో ఒకరు మైనరు, ఇంకొకరు పెద్దవాడు. రచన దాన్ని అందంగా చూపిస్తుంది, అది ఈ పాత కథల్లో నిజమైన లోపం. 18 దాటినవాళ్ళు ఆ లోపం చూస్తూనే చూస్తారు, పిల్లాడు చూడలేడు.

నేనూ మా స్నేహితురాలూ తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాం. ఇంగ్లీషు నుంచి చేస్తే అంతా చప్పగా వస్తా ఉంది. ఏం పోగొడుతున్నాం? (నెల్లూరు)

మర్యాద పోగొడుతున్నారు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యు'. మనకి నువ్వు, మీరు రెండూ ఉన్నాయి, కాబట్టి ఇంగ్లీషు పక్కన పెట్టి చెవితో వినండి. నవోయే ఒకసారి 'తకాయా సాన్' అంటాడు, ఒకసారి 'కగెతొరా సామా' అంటాడు. ఎదురుగా ఉన్నది ఒక్కడే, కానీ పిలుపు మారినప్పుడల్లా నవోయే మాట్లాడుతున్నది ఇప్పటి కుర్రాడితోనా 400 ఏళ్ళ నాటి దొరతోనా అన్నది మారుతుంది. మొదటిదానికి పేరు, 'మీరు' క్రియ చాలు. 'గారు' తగిలిస్తే బ్యాంకు కౌంటర్లా ఉంటుంది. రెండోదానికి 'ప్రభూ'. 'యామి'లో విలన్ మురకి చేసే పాడు పనులన్నీ 'త్సుజుకి సాన్' అంటూనే చేస్తాడు, అతనికి మాత్రం 'గారు' వేయండి, ఒళ్ళు జలదరించేది ఆ గారుతోనే. హిసోకా తనకన్నా పెద్దవాణ్ణి ఉత్త 'త్సుజుకి' అంటాడు, అక్కడ నువ్వు.

మనకి దొరకనిది ఒకటుంది. జపాన్ మగవాళ్ళు 'నేను' అనడానికి వతాషి, బొకు, ఒరె అని కనీసం మూడు మాటలు వాడతారు, పెద్దమనిషి, మెత్తనివాడు, మొరటోడు. తెలుగులో మూడూ 'నేను'. దాన్ని క్రియలో తీర్చుకోండి: వెళ్తున్నానండి, వెళ్తున్నా, పోతున్నా.

కొలతలు: తెరమీద రెండు వరుసలు, వరుసకు 30 అక్షరాలు దాటనివ్వకండి. ఏ మాటా సెకను కంటే తక్కువ నిలవకూడదు. యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో సేవ్ చేయకపోతే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి. ఆ సేవ్ సరిగ్గా ఉండి కూడా డబ్బాలు కనిపిస్తే ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేనట్టు, నోటో సాన్స్ తెలుగు పెట్టండి. మౌనం ఉన్నచోట ముందు మాటని లాగి నింపొద్దు, ఖాళీగా వదిలేయండి.

ఆఖరుది. 'తైసెత్సు నా హితో' అన్న మాట ఈ కథల్లో పదేపదే వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు 'ముఖ్యమైన వ్యక్తి' అని రాస్తారు, మీరూ దాన్నే దింపుకుంటున్నారు. కొందరు ఏకంగా 'ప్రేమించినవాడు' అనేస్తారు, అది రచన అనని మాట. మన ఇళ్ళల్లో రోజూ వాడే మాటే ఉంది కదా: "నాకు కావలసినవాడు." చుట్టం అనుకునేవాడికి చుట్టం, ఇంకోలా వినేవాడికి ఇంకోలా.