రోజూ నడిపే హాట్ హ్యాచ్‌కు ఏ మార్పులు, ఏ సస్పెన్షన్: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ హాట్ హ్యాచ్‌కు, అంటే హుషారైన ఇంజినున్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కారుకు, చేయించాలనుకుంటున్న మార్పుల జాబితా చదివాను. కారును 40 మి.మీ. కిందికి దించే స్ప్రింగులు, 19 అంగుళాల చక్రాలు, పెద్ద బ్రేకుల కిట్టు, బలం పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామును మార్చే రీమ్యాప్, టైర్ల సంగతి మాత్రం తరువాత చూద్దామన్నావు. వీటిలో ఏదీ చెడ్డ వస్తువు కాదు కానీ వరుస తలకిందులుగా ఉంది. పైగా ఏ లోపాన్ని సరిచేయడానికి ఏది కొంటున్నావో జాబితాలో ఎక్కడా లేదు. మలుపులో కారు ముందుభాగం బయటికి జారుతున్నదా, గతుకు దాటాక రెండు మూడుసార్లు ఊగుతున్నదా, వరుసగా గట్టిగా బ్రేకులు వేస్తే పెడల్ మెత్తబడుతున్నదా, మొదట అది ఒక కాగితం మీద రాసుకో. రాయడానికి ఏమీ తోచకపోతే కొనడానికి కూడా ఇంకా సమయం రాలేదన్నమాట.

1976లో అమ్మకానికి వచ్చిన తొలి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐకి 1.6 లీటర్ల ఇంజిన్, 110 హార్స్‌పవర్ ఉండేవి. ఈ రోజు లెక్కల్లో అవి ఎక్కువేమీ కావు. అయినా ఆ కారుకు పేరు రావడానికి కారణం, వారమంతా ఇంటిపనికీ ఆఫీసుకీ తిరిగిన బండే ఖాళీ రోడ్డు దొరికినప్పుడు హుషారుగా పరుగెత్తగలగడం. నువ్వు చేసే ప్రతి మార్పూ ఈ రెండు గుణాల్లో రెండవదాన్ని పెంచుతూ మొదటిదాన్ని ఎంత తగ్గిస్తున్నదో చూసుకోవాలి. వెనక సీట్లో కూర్చున్నవారు మరోసారి ఎక్కనంటే అది హాట్ హ్యాచ్ కాదు, నాలుగు తలుపుల శిక్ష.

కొత్త వస్తువు కొనేముందు ఉన్నది ఏ స్థితిలో ఉందో తెలుసుకో. స్ప్రింగు ఊపును అదుపు చేసే డాంపర్లు, అంటే షాక్ అబ్జార్బర్లు, ఒక్కరోజులో చెడిపోవు. నెలనెలా కాస్తంత బలహీనపడతాయి కనుక నడిపేవాడికి తేడా తెలియదు. కారు మూలను చేత్తో అదిమి వదిలి చూసే పరీక్షలో పూర్తిగా చచ్చిన డాంపర్ మాత్రమే దొరుకుతుంది; సగం అరిగినది నెగ్గిపోతుంది. డాంపర్ ఒంటిపై నూనె కారిన మరక ఉందా, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కీళ్లలోని బుష్‌ల రబ్బరు చిట్లిందా, స్ప్రింగూ డాంపరూ కలిసిన స్ట్రట్‌ను పైన కారు ఒంటికి కలిపే టాప్ మౌంట్ స్టీరింగ్ తిప్పితే కటకటమంటున్నదా, ఇవన్నీ లిఫ్ట్ మీద చూపించుకో. బయటి సంస్థలు చేసే ఆఫ్టర్‌మార్కెట్ సెట్టు బిగించి కారు పూర్తిగా మారిపోయిందని మురిసిపోయేవారిలో చాలామంది నిజానికి అరిగిన భాగాలు పోయి కొత్తవి వచ్చిన తేడానే మెచ్చుకుంటున్నారని నా అనుమానం. బండి వయసు మీరినదైతే, కొత్త ఫ్యాక్టరీ డాంపర్లు వేసి నడిపి చూడటం సస్పెన్షన్‌లో అన్నిటికన్నా తక్కువ చిక్కులున్న మెరుగుదల.

తరువాత టైర్లు. ముందు చక్రాలతో నడిచే కారులో లాగేది, తిప్పేది, ఆగేటప్పుడు ఎక్కువ భారం మోసేది ఆ రెండు ముందు టైర్లే. నువ్వు పెట్టే ఖర్చంతా చివరికి రోడ్డును తాకేది అరచేయంత రబ్బరు ముక్కల ద్వారానే కాబట్టి అక్కడ పొదుపు చేయవద్దు. రోజువారీ బండికి ట్రాక్ టైర్లు వద్దు. అవి వేడెక్కితేనే పట్టు ఇస్తాయి, లోతైన నీటిలో తేలిపోతాయి. మంచి సంస్థ చేసిన వేసవి స్పోర్ట్స్ టైరు చాలు. ఉష్ణోగ్రత తరచుగా 7 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగే చోట ఆ రబ్బరు గట్టిపడుతుంది కనుక చలికాలానికి వేరే సెట్టు ఉంచుకోవాలి.

చక్రాల విషయంలో నా మాట నీకు నచ్చకపోవచ్చు. 225/45 ఆర్17 టైరుకు పక్కగోడ ఎత్తు సుమారు 101 మి.మీ., 225/40 ఆర్18కి 90 మి.మీ., 235/35 ఆర్19కి 82 మి.మీ. రిమ్ము పెరిగేకొద్దీ గతుకును మింగే రబ్బరు తగ్గి ఆ దెబ్బ రిమ్ముకూ డాంపర్‌కూ చేరుతుంది, పైగా పెద్ద చక్రం సాధారణంగా బరువు కూడా. స్ప్రింగుకు కిందివైపున ఉండే బరువు ఎంత తగ్గితే చక్రం రోడ్డును అంత బాగా అంటిపెట్టుకుంటుంది. అందుచేత నీ బ్రేకులు లోపల ఇమిడే కొలతల్లో చిన్నది, తేలికైనది ఎంచుకో. చక్రం లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుందో చెప్పే ఆఫ్‌సెట్ ఫ్యాక్టరీ అంకెకు దగ్గరగా ఉండాలి, చక్రం మధ్యలోని హబ్ రంధ్రం సరిగ్గా కుదరాలి, టైరు మీది భారసూచిక అసలు టైరుకు తక్కువ కాకూడదు. వెడల్పుగా కనిపించాలని చక్రం వెనక దూర్చే స్పేసర్ బిళ్లలు బేరింగులపై భారాన్నీ స్టీరింగ్ తీరునూ మార్చేస్తాయి.

బ్రేకుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఇప్పుడున్న బ్రేకులు చక్రాలను, అవి బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ పని మొదలుపెట్టేంత గట్టిగా పట్టగలుగుతున్నాయంటే, ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరే. పెద్ద డిస్కు వల్ల పెరిగేది వేడిని తట్టుకునే శక్తి, అది అవసరమయ్యేది ట్రాక్ మీదా, పొడవైన ఘాట్ రోడ్డు దిగేటప్పుడూ. నీకు కావలసింది తాజా బ్రేక్ ఫ్లూయిడ్, నాణ్యమైన రోడ్డు ప్యాడ్లు. డాట్ 4 రకం ఫ్లూయిడ్‌కు కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ కనీస అంకె 155 డిగ్రీలకు పడిపోతుంది. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం కాబట్టి రెండేళ్లకోసారి మార్చు. రేస్ ప్యాడ్లు మాత్రం వద్దు. ఉదయం మొదటి సిగ్నల్ దగ్గర, చల్లగా ఉన్నప్పుడు అవి పట్టవు.

ఇక అసలు సంగతికి వద్దాం. సస్పెన్షన్ బిర్రుగా ఉంటే పట్టు ఎక్కువని చాలామంది నమ్ముతారు. నున్నని ట్రాక్ మీద అందులో కొంత నిజముంది. గతుకుల రోడ్డు మీద చక్రం పైకీ కిందికీ స్వేచ్ఛగా కదలలేకపోతే అది రోడ్డును వదిలేస్తుంది, రోడ్డును వదిలిన టైరుకు పట్టు అనేదే ఉండదు. కాబట్టి రోజువారీ కారులో నువ్వు ప్రాణంగా కాపాడుకోవలసింది సస్పెన్షన్ కదలడానికి మిగిలి ఉన్న దూరాన్ని. ఉదాహరణకు, నిలిచి ఉన్న కారులో ముందు చక్రం పైకి కదలడానికి బంప్ స్టాప్ వరకు, అంటే ఆ కదలికను చివర్లో ఆపే రబ్బరు దిమ్మ వరకు, 70 మి.మీ. ఉందనుకుందాం. 40 మి.మీ. దించితే 30 మిగులుతుంది. స్ప్రింగు 30 శాతం గట్టిదైనా, సగానికి మించి పోయిన దూరాన్ని అది పూడ్చలేదు. కారు ప్రతి గతుకులోనూ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. మలుపు మధ్యలో అలా కూర్చుంటే ముందుభాగం గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగి, ఆ వైపు టైరు మీద భారం హఠాత్తుగా మారి, కారు ముందుకు జారిపోతుంది. ఫ్యాక్టరీ డాంపర్ గట్టి స్ప్రింగును అదుపు చేయలేదని సాధారణంగా అంటుంటారు. లెక్క చూస్తే, స్ప్రింగు 30 శాతం గట్టిపడినప్పుడు అదే నిష్పత్తిలో అదుపు ఉండటానికి డాంపర్ బలం సుమారు 14 శాతం పెరిగితే చాలు. అంటే మంచి స్థితిలో ఉన్న డాంపర్‌కు అంతకన్నా పెద్ద శత్రువు పోయిన ప్రయాణ దూరమే.

కిందికి దించడంలో కంటికి కనిపించని నష్టం మరొకటి ఉంది. నీ కారు ముందు సస్పెన్షన్ మాక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే డాంపరే చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే అమరిక. కారును దించినప్పుడు లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేచి, మలుపులో కారు ఏ బిందువు చుట్టూ వాలుతుందో ఆ రోల్ సెంటర్ కారు బరువు కేంద్రం కన్నా వేగంగా కిందికి పడిపోతుంది. ఆ రెంటి మధ్య దూరం పెరిగేసరికి మలుపులో కారును వాల్చే బలం పెరుగుతుంది, వాలినప్పుడు చక్రానికి కలిసిరావలసిన కాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వంగే కోణం, కూడా తగ్గుతుంది. తక్కువ ఎత్తులో ఉండీ ఎక్కువ వాలిపోవడానికి మొగ్గే కారును గట్టి స్ప్రింగులతో ఆపుకోవలసి రావడం, చెప్పుకు సరిపోవాలని కాలు చెక్కుకోవడం వంటిది. నా సలహా 15 నుంచి 25 మి.మీ. లోపల ఆగమని. చక్రానికీ ఫెండర్‌కూ మధ్య కనిపించే ఖాళీ ఫొటోలో అందంగా ఉండకపోవచ్చు, కానీ అది ఖాళీ కాదు, నీ సస్పెన్షన్ పనిచేసే చోటు.

స్ప్రింగుల గట్టిదనాన్ని విడి అంకెగా చూడకు. కారు ఊగే వేగమే దాని అసలు కొలత: సాధారణ కుటుంబపు కార్లలో అది సెకనుకు 1 నుంచి 1.5 సార్లు, స్పోర్ట్స్ అమరికల్లో 2కు చేరువగా ఉంటుంది. స్ప్రింగు గట్టిదనాన్ని రెట్టింపు చేస్తే ఈ వేగం 1.4 రెట్లు అవుతుంది. ముందువైపు కన్నా వెనకవైపు కాస్త వేగంగా ఊగేట్లు అమరిస్తే, గతుకు ముందు చక్రాలకు తగిలి వెనక చక్రాలకు చేరేలోగా వచ్చే తేడా సర్దుకుని ప్రయాణికులకు ముందుకూ వెనక్కూ తూలడం తగ్గుతుందని జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఆలీ 1930లలోనే తేల్చాడు. ఒక సంస్థ ముందు స్ప్రింగులూ మరో సంస్థ వెనక స్ప్రింగులూ కలిపి వేయవద్దని నేననేది ఇందుకే. నాలుగు స్ప్రింగులూ నాలుగు డాంపర్లూ ఒకరే, నీ మోడల్ బరువుకే కూర్చి అమ్మే జత నా దృష్టిలో రోజువారీ కారుకు అన్నిటికన్నా మేలు. నీ కారులో ఎలక్ట్రానిక్ డాంపర్లు ఉంటే వాటిని తీసేయడం తెలివైన పని కాదు. వాటికోసమే చేసిన స్ప్రింగులు వెతుకు.

కాయిలోవర్లు, అంటే ఎత్తు మార్చుకోగల స్ప్రింగు డాంపర్ జతలు, తప్పక కావాలంటే కొనుక్కో, కానీ ధర అడిగేముందు మూడు ప్రశ్నలు అడుగు: స్ప్రింగు గట్టిదనం అంకె ఎంత, విడిభాగాలు దొరుకుతాయా, డాంపర్ నూనె కారితే విప్పి బాగుచేసే సదుపాయం ఉందా. సమాధానం రాకపోతే ఆ సెట్టు వాడి పారేసేదే. చవక రకాల్లో రబ్బరు టాప్ మౌంట్ బదులు పిల్లోబాల్ అనే లోహపు గుండు కీలు ఇస్తారు, కొన్నాళ్లకు అది ప్రతి గతుకుకూ శబ్దం చేస్తుంది. డాంపర్ గట్టిదనాన్ని మార్చే నాబ్ మీద ఎన్ని క్లిక్కులు ఉన్నాయన్నది గొప్ప కాదు. చాలా సెట్లలో ఒంటి నాబ్ ఎక్కువగా రీబౌండ్‌నే, అంటే అణిగిన స్ప్రింగు తిరిగి లేచేటప్పటి అదుపునే, మారుస్తుంది. మెత్తటి కొస నుంచి మొదలుపెట్టి, తెలిసిన ఒకే రోడ్డు మీద రెండేసి క్లిక్కులు పెంచుతూ వెళ్లు. గతుకు తరువాత గతుకు వచ్చినప్పుడు కారు క్రమంగా కిందికి అణిగిపోతున్నట్టు అనిపిస్తే రీబౌండ్ మితిమీరిందని అర్థం, వెనక్కి తిప్పు. మరలపై దుమ్ము, ఉప్పు చేరనివ్వకు.

ముందుభాగం జారడం ఒక్కటే నీ ఫిర్యాదైతే, స్ప్రింగులు మార్చకముందే వెనకవైపుకు కాస్త మందమైన యాంటీ రోల్ బార్, అంటే మలుపులో కారు వాలడాన్ని తగ్గించే కడ్డీ, ఆలోచించు. తిన్నని రోడ్డు మీద సుఖాన్ని అది పెద్దగా చెరపదు. అయితే తడి రోడ్డు మీద మలుపు మధ్యలో యాక్సిలరేటర్ హఠాత్తుగా వదిలితే వెనకభాగం బయటికి తిరగడం సులువవుతుంది. 1984లో వచ్చిన ప్యూజో 205 జీటీఐకి ఆ పేరు బాగా ఉండేది. అందుకని సర్దుబాటు ఉన్న బార్ తీసుకుని, అది మెత్తగా పనిచేసే రంధ్రంలోనే బిగించు.

బిగించే రోజున మెకానిక్ దగ్గర నిలబడి ఒక్కటి చూసుకో. రబ్బరు బుష్ లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది కనుక, ఆ బోల్టులను చక్రాలు వేలాడుతుండగా కాక, కారు బరువు వాటిపై నిలిచిన ఎత్తులోనే ఆఖరి బిగింపు బిగించాలి. లేకపోతే బుష్ ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. టాప్ మౌంట్లు, బంప్ స్టాపులు అప్పుడే కొత్తవి వేయించు, కూలి ఒకటే. ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్: ముందు కాంబర్ మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీలు, టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం, సున్నాకు దగ్గరగా. టైరును తినేది ఎక్కువగా టో తప్పే. కారుకు లేన్ కెమెరా, హెడ్‌లైట్ల ఎత్తు సెన్సర్ ఉంటే వాటి కాలిబ్రేషన్ కూడా ఆ పనిలో భాగమే.

రీమ్యాప్ చివరికి పెట్టుకో. టర్బో ఇంజిన్‌లో అది సులువుగా బలం ఇస్తుంది, అంతే సులువుగా క్లచ్ జారడం మొదలవుతుంది, ముఖ్యంగా పై గేర్లలో. తక్కువ వేగంలో పై గేరు వేసి పూర్తిగా తొక్కితే, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇంధనం ముందుగానే అంటుకుని పిస్టన్‌ను పగలగొట్టగలదు కనుక ఆ అలవాటు ఉంటే ఇప్పుడే మానుకో. సుమారు 300 హార్స్‌పవర్‌ను ముందు చక్రాలకు ఇవ్వడానికి ఫోర్డ్ 2009 నాటి ఫోకస్ ఆర్ఎస్‌లో స్టీరింగ్ అక్షాన్ని స్ట్రట్ నుంచి విడదీసే ప్రత్యేకమైన నకల్‌నూ (చక్రాన్ని మోసే భాగం), రెండు చక్రాలకూ బలం పంచే మెకానికల్ డిఫరెన్షియల్‌నూ అమర్చవలసి వచ్చింది. అవి లేని కారులో అంత బలం పోస్తే స్టీరింగ్ నీ చేతుల్లోంచి లాక్కుంటుంది. తెరచిన ఎయిర్ ఫిల్టర్ బానెట్ కింది వేడిగాలిని పీల్చి శబ్దం మాత్రమే పెంచుతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం చాలా దేశాల్లో నేరం, ఆ సలహా ఎవరిచ్చినా వినకు.

ఒకేసారి అన్నీ మార్చకు. టైర్లు, ఫ్లూయిడ్ వేసి కొన్ని వారాలు నడిపి, నువ్వు రాసుకున్న కాగితం మళ్లీ తీసి, మిగిలిన లోపమేదో చూసి, దానికే మందు కొను. విప్పిన ఫ్యాక్టరీ భాగాలను పేర్లు రాసి భద్రపరచు. అమ్మేటప్పుడు కొనేవారు అడిగేది అవే. ప్రతి మార్పునూ బిగించకముందే బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలిపి, వారి అంగీకారం చేతికి వచ్చాకే పని మొదలుపెట్టించు.

ఇట్లు,
మీ మామయ్య