పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, ఈరోజే చూపించండి

మీ అమ్మగారికి నిన్న సాయంత్రం పది నిమిషాలు మూతి ఒక పక్కకు లాగి మాట తడబడిందని, తర్వాత మామూలైపోయారని రాశారు. పండగ వెళ్ళాక న్యూరాలజిస్ట్‌కు, అంటే మెదడు, నరాల డాక్టర్‌కు చూపించవచ్చా అని అడిగారు. వద్దండీ, ఆగకండి. అది పక్షవాతానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. ఇది చదవగానే బయల్దేరండి. సెలవని ఓపీ లేకపోతే ఎమర్జెన్సీలోనే చూపించండి. మా నాన్న విషయంలో మేం ఆగాం.

నాన్నకు అప్పుడు 61 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లె మాది. పొద్దున్నే కాఫీ తాగుతుంటే గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. ఏమైంది నాన్నా అంటే ఏదో చెబుతున్నాడు గానీ మాట ముద్దగా వస్తోంది. పావుగంటలో సర్దుకుంది. చెయ్యి పైకెత్తి చూపించి, "ఏం లేదురా, రాత్రి నిద్ర చాల్లేదు" అన్నాడు. ఊళ్ళో ఆర్ఎంపీ నీరసమని సెలైన్ పెట్టాడు. మేమూ సరే అనుకున్నాం. ఐదో రోజు తెల్లవారి లేవబోయి మంచం పక్కనే పడిపోయాడు. కుడి చెయ్యి, కాలు కదల్లేదు.

మొదటి రోజు వచ్చినదాన్ని టీఐఏ అంటారని, మినీ స్ట్రోక్ అంటే అదేనని గుంటూరులో న్యూరాలజిస్ట్ చెబితే తెలిసింది. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి, కాసేపటికి కరిగిపోతుందట. గడ్డ పోతుంది గానీ అది కట్టడానికి కారణం అలాగే ఉంటుంది. అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం ఆ తర్వాతి రెండు రోజుల్లో, ఆ వారంలో బాగా ఎక్కువ. నాన్నకు గుండె లయ తప్పి కొట్టుకుంటోంది, గడ్డ అక్కణ్ణుంచే వచ్చింది. మొదటి రోజే ఈసీజీ తీయించి ఉంటే బయటపడేదేమో, రక్తం పల్చబడే మాత్రలు అప్పుడే మొదలయ్యేవేమో. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చుట్టాలు "గాలి తగిలిందిలే" అంటారు, వినకండి. ముఖంలో నరం దెబ్బతిని మూతి వంకరపోయే జబ్బు వేరే ఉంది, బెల్స్ పాల్సీ. అందులో ఆ వైపు నుదురు కూడా ముడతపడదు, తగ్గడానికి వారాలు పడుతుంది. పది నిమిషాల్లో వచ్చిపోయేది అది కాదు.

పడిపోయిన రోజు ఇంకో తప్పు చేశాం. దగ్గరని సీటీ స్కాన్ లేని నర్సింగ్ హోంకు తీసుకెళ్ళాం. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాకే. ఆ గంటలు మనం చూసినప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారి బాగా ఉన్న సమయం నుంచి లెక్కేస్తారు. నాన్న రాత్రి పదింటికి పడుకున్నాడు. మేం గుంటూరు చేరేసరికి పొద్దున తొమ్మిదిన్నర. సమయం దాటిపోయిందన్నారు. నాలుగేళ్ళయింది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నా పేరు పిలవాలంటే కాసేపు వెతుక్కుంటాడు.

అందుకే అమ్మగారికి మళ్ళీ అలా అయితే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ రాత్రీపగలూ ఉండే ఆసుపత్రికే వెళ్ళండి. నోట్లో నీళ్ళు గానీ మాత్ర గానీ వెయ్యొద్దు, సరిగా మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బీపీ ఎక్కువుందని ఎవరైనా నాలుక కింద మాత్ర పెట్టబోతే ఆపండి. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు రక్తం ఇంకా తగ్గుతుంది. ఇంట్లో మిషన్ ఉంటే షుగర్ చూడండి, షుగర్ బాగా పడిపోయినా ఇలాగే ఉంటుంది. ఎప్పుడూ లేనంత తలనొప్పి ఉన్నట్టుండి వచ్చినా, మొదటిసారి ఫిట్స్ వచ్చినా ఇంతే తొందర పడాలి.

ఆమెకు ఆరు నెలలుగా ఉన్న అరికాళ్ళ తిమ్మిరి గురించీ అడిగారు. దానికి ఇంత తొందర లేదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారన్నారు కాబట్టి, మీ ఫిజీషియన్‌నే అడిగి బీ12 విటమిన్ పరీక్ష చేయించండి. ఆ మాత్ర చాలాకాలం వాడితే బీ12 తగ్గవచ్చు, అది తగ్గినా తిమ్మిరి వస్తుంది. కాలు నీరసించడమో నడక తూలడమో మొదలైతే అప్పుడు దానిక్కూడా న్యూరాలజిస్టే.

ఈరోజు వెళ్ళేటప్పుడు పాత మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి. నిన్న ఎన్ని గంటలకు మొదలైందో, ఎప్పటికి తగ్గిందో, మూతి ఏ వైపుకు లాగిందో కాగితం మీద రాసుకోండి. డాక్టర్ మొదట అడిగేది అదే.