ఉద్యోగ ప్రయత్నంలో పబ్లిక్ లైబ్రరీ నిజంగా పనికొస్తుందా? (గుంటూరు, విజయవాడ)

గ్రూప్-2, డీఎస్సీ, బ్యాంకు, రైల్వే పరీక్షలకు చదివేవాళ్లకైతే కచ్చితంగా పనికొస్తుంది. ముందు దొరికేది చదువుకునే చోటు. ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకునే ఇంట్లో, టీవీ మోగుతుంటే గంటలకొద్దీ చదవడం ఎవరివల్లా కాదు. ప్రైవేటు స్టడీ హాల్‌కి నెలనెలా ఫీజు కట్టలేని పిల్లలకు జిల్లా గ్రంథాలయ సంస్థ రీడింగ్ రూమే ఆధారం. అక్కడ కూర్చుని చదువుకోవడానికి డబ్బులక్కర్లేదు. పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లాలంటేనే సభ్యత్వం, డిపాజిట్ కావాలి. మీ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా వసూలవుతుంది, అంటే ఇది మీరు డబ్బు కట్టిన సౌకర్యమే. మొహమాటపడకండి.

దినపత్రికలు, వాటి విద్యా పేజీలు, యోజన, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ లాంటివన్నీ సొంతంగా కొనాలంటే భారమే, రీడింగ్ రూములో అయితే ఊరికే చదువుకోవచ్చు. అన్నిటికన్నా విలువైనది పక్క కుర్చీలోని మనిషి. నోటిఫికేషన్ వచ్చిందనీ, దరఖాస్తుకు ఆఖరు తేదీ దగ్గరపడిందనీ అక్కడే తెలుస్తుంది.

ప్రైవేటు ఉద్యోగాలకు మాత్రం ఇది చాలదు. రెజ్యూమె దిద్దిపెట్టడం, ఇంటర్వ్యూకి తర్ఫీదు ఇవ్వడం మన లైబ్రరీల్లో మామూలుగా ఉండవు. ఉండాలని నా గట్టి కోరిక. 1911లోనే బెజవాడలో రామమోహన గ్రంథాలయం పెట్టుకున్న ప్రాంతం మనది! ప్రస్తుతానికి జిల్లా ఉపాధి కార్యాలయం, నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు చూడండి.

కొత్త సిలబస్ పుస్తకం ర్యాకులో లేకపోతే పేరు, ప్రచురణ సంస్థ వివరాలు రాసి లైబ్రేరియన్‌ గారికి ఇవ్వండి. నలుగురైదుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది.