ఏ కాటా మీద తూచావు?

చిరంజీవికి,

ఫ్యూజన్ మీద నీ వ్యాసం, దానితో పంపిన ఉత్తరం అందాయి. ఉత్తరంలో ‘గురువుగారూ’ అన్నావు. నేను ఎవరికీ ఓనమాలు దిద్దించలేదు, ఆ పిలుపు మానెయ్. మా మనవరాలి వయసుదానివి కాబట్టి నేను మాత్రం ‘నువ్వు’ అంటాను, ఏమీ అనుకోకు.

‘నేలకు దిగిన సూర్యుడు’ అనే పేరు చూడగానే కాగితాలు పక్కన పడేసి కాఫీ పెట్టుకోవడానికి లేచాను. మళ్లీ కూర్చోబెట్టింది అయిదో పేజీలో ఒక వాక్యం. దాని సంగతి చివర్లో. ముందు తిట్లు తినాలి.

రెండో పేరాలో ఇలా రాశావు: ‘2022 డిసెంబర్ 5న అమెరికా శాస్త్రవేత్తలు తాము పెట్టిన శక్తికి ఒకటిన్నర రెట్లు తిరిగి రాబట్టారు. ఇక కరెంటు కొరత పాత మాట.’ ఏ కాటా మీద తూచావమ్మా ఈ ఒకటిన్నర?

మా నాన్న తణుకు దగ్గర ఒక రైస్ మిల్లులో గుమస్తా. బడి లేని రోజుల్లో నన్ను కాటా పక్కన కూర్చోబెట్టి చీటీలు రాయించేవాడు. కళ్లంలో తూచినప్పుడు 75 కిలోలున్న బస్తా మిల్లుకొచ్చేసరికి 72 తూగేది. తేమ తరుగు, మట్టి తరుగు, దారిలో కారిన తరుగు. రైతు 75 అని గొడవ, మిల్లువాళ్లు 72 అని గొడవ. నాన్న మాత్రం చీటీ మీద అంకె పక్కన ‘కళ్లం’ అనో ‘మిల్లు’ అనో రాయనిదే సంతకం పెట్టేవాడు కాదు. యాభై ఏళ్లుగా సైన్సు రాస్తూ నేను నేర్చుకున్నది ఆ చీటీ కంటే పెద్దగా ఏమీ లేదు.

ఇప్పుడు నీ బస్తా తూద్దాం. లారెన్స్ లివర్‌మోర్ లాబ్‌లో 192 లేజర్ కిరణాలు ఒక చిన్న లోహపు గొట్టంలోకి దూరాయి. లోపల మిరియం గింజంత గుళికలో డ్యుటీరియం, ట్రిటియం, అంటే బరువు హైడ్రోజన్లు. వాటి కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే శక్తి పుడుతుంది, ఫ్యూజన్ అంటే అదే. గొట్టంలోకి వెళ్లిన కాంతి 2.05 మెగాజౌళ్లు, బయటికి వచ్చింది 3.15. నీ ఒకటిన్నర ఇదే, తప్పు లేదు. కాకపోతే ఇది గొట్టం మూతి దగ్గర పెట్టిన కాటా. ఆ లేజర్లను వెలిగించడానికి గోడలోని కరెంటు నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్లు. మనింటి మీటరు భాషలో చెబితే 83 యూనిట్లు కాల్చారు. వచ్చింది ఒక యూనిట్ కూడా లేదు, 0.87. అదీ వేడి రూపంలో. ఆ వేడితో నీళ్లు మరిగించి టర్బైన్ తిప్పితే మిగిలేది అందులో మూడో వంతు. పైగా కరెంటు తీయాలంటే ఇలాంటి గుళికల్ని సెకనుకు పది చొప్పున పేల్చాలి. వాళ్లు రోజుకొకటి పేలిస్తే గొప్ప.

అంటే అది మోసమా? కానే కాదు. ఆ లేజర్లు కరెంటు కోసం కట్టినవి కావు. అణ్వాయుధాల్ని పేల్చి చూడకుండానే వాటి తీరు తెలుసుకోవడానికి కట్టినవి. తగలేసిన కాంతికన్నా ఇంధనం ఎక్కువ ఇవ్వడం అదే మొదటిసారి, మనిషి డెబ్భై ఏళ్లు ఎదురుచూసిన ఘడియ అది. 2024 ఫిబ్రవరిలో అదే కాటా మీద 2.2కి 5.2 వచ్చింది. సంతోషించు, పండగ చేసుకో. కానీ కాటా పేరు రాయి.

ఈ మాట ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం నా ఒంటి మీద వాత. 2006 నవంబర్‌లో ఐటర్ (దేశాలు కలిసి ఫ్రాన్సులో కడుతున్న ఫ్యూజన్ యంత్రం) ఒప్పందం మీద భారత్ సహా ఏడు పక్షాలు సంతకాలు చేసినప్పుడు ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి పెద్ద వ్యాసం రాశాను. 50 మెగావాట్ల వేడి ప్లాస్మాలోకి (విపరీతంగా కాగి విద్యుత్ కణాలుగా విడిపోయిన వాయువులోకి) పంపితే 500 మెగావాట్ల వేడి రావాలన్నది ఐటర్ లక్ష్యం. రెండుచోట్లా ‘వేడి’ అని రాశాను. డెస్కులో ఎవరికో ఆ మాట చప్పగా అనిపించింది. ఆదివారం పొద్దున్నే చూస్తే ‘500 మెగావాట్ల కరెంటు’, పైన ‘ఇక కరెంటు ఉచితం!’ అని హెడ్డింగ్. ఫోన్ చేస్తే సంపాదకుడు ‘పాఠకుడికి వేడి ఎందుకండీ, వెలుగు కావాలి’ అని నవ్వాడు. నాకు ముట్టింది నూట యాభై రూపాయలు. పదిరోజులకు ఒక కార్డు వచ్చింది. థర్మల్ స్టేషన్లో రిటైరైన ఇంజనీరు ఒకాయన, సన్నటి అక్షరాలతో: ‘అయ్యా, ఐటర్‌లో టర్బైనే లేదు కదా, కరెంటు ఏ గొట్టంలోంచి వస్తుందో సెలవివ్వండి.’ ఆ కార్డు ఇప్పటికీ నా నిఘంటువులో ఉంది. ఆ సంపాదకుడి పేరు ఎక్కడా చెప్పను, కానీ మరిచిపోనూ లేదు.

ఈ పొరపాటు నాతో మొదలవలేదులే. 1958 జనవరిలో ఇంగ్లండ్‌లోని హార్వెల్‌లో జీటా అనే యంత్రం న్యూట్రాన్లను ఇస్తోందని, అంటే ఫ్యూజన్ జరుగుతున్న గుర్తు కనబడిందని ప్రకటించారు. పత్రికలు ఊగిపోయాయి, సముద్రపు నీటితో ఇక కరెంటే కరెంటు అన్నాయి. నాలుగు నెలలకే ఆ న్యూట్రాన్లు వేడిమి వల్ల పుట్టినవి కావని తేలింది, మాట వెనక్కి తీసుకున్నారు. పదేళ్లకు, 1968లో నవసిబిర్స్క్ సభలో రష్యావాళ్లు తమ టీ-3 టోకమాక్‌లో, అంటే ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే గారె ఆకారపు యంత్రంలో, కోటి డిగ్రీలు దాటామన్నారు. జీటా దెబ్బ తిన్నవాళ్లు నమ్ముతారా? నమ్మలేదు. అప్పుడు జరిగింది చూడు: బ్రిటిష్ బృందం తమ లేజర్ పరికరాలన్నీ మూటకట్టుకుని మాస్కో వెళ్లి 1969లో స్వయంగా కొలిచింది. రష్యావాళ్లు చెప్పింది నిజమే. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒకడి కళ్లంలోకి ఇంకొకడు తన కాటా మోసుకెళ్లాడు! ప్రపంచమంతా టోకమాక్‌లు కట్టడం మొదలైంది ఆ తూకం తర్వాతే. నీ ఏడు పేజీల్లో ఈ కథకు ఒక్క లైను దొరకలేదు, కానీ సూర్యుడు పద్నాలుగుసార్లు ఉదయించాడు. పెన్సిల్‌తో లెక్కపెట్టాను.

ఆ సూర్యుడి మాట కూడా తేల్చేస్తాను. సూర్యుడి నడిబొడ్డులో ఒక ఘనపు మీటరు మేర పుట్టే వేడి మూడొందల వాట్లలోపే. అంతే మేర మనుషుల్ని కుక్కితే అంతకన్నా ఎక్కువ వేడి వస్తుంది. ఆయన అంత వెలుగుతున్నాడంటే అది ఒళ్లు పెద్దదవడం వల్లే. మనకు అంత ఒళ్లు లేదు కాబట్టి ఆయన గర్భంలోని కోటిన్నర డిగ్రీలు చాలవు, 15 కోట్లు కావాలి. కాబట్టి ‘కృత్రిమ సూర్యుడు’ అనడం పొగడ్త కూడా కాదు.

చైనాలో ఈస్ట్ అనే టోకమాక్ 2025 జనవరిలో 1,066 సెకన్లు, ఆ తర్వాతి నెలలో ఫ్రాన్సులోని వెస్ట్ 1,337 సెకన్లు ప్లాస్మాను నిలబెట్టాయని నువ్వు రాసినదీ సరైనదే. కానీ ఆ కాటా కాలాన్ని తూస్తుంది. ఆ పరీక్షల్లో ట్రిటియం లేదు, రాబట్టిన శక్తి అంటూ ఏమీ లేదు. దాన్ని లివర్‌మోర్ అంకె పక్కన పెట్టి ‘రికార్డు మీద రికార్డు’ అంటే కిలోల్ని గజాలతో కూడినట్టుంటుంది.

అలాగని ‘ఫ్యూజన్ ఎప్పుడూ ముప్పై ఏళ్ల దూరంలోనే ఉంటుంది’ అని ఎకసెక్కాలాడే బాపతును చూసినా నాకు ఒళ్లు మంటే. అదొక ఫ్యాషన్, ఏమీ చదవకుండా తెలివైనవాళ్లలా కనిపించడానికి. 1955లో జెనీవాలో హోమీ భాభా రెండు దశాబ్దాల్లో దారి దొరుకుతుందన్నాడు, దొరకలేదు. నిజమే. కానీ ఇంగ్లండ్‌లోని జెట్ అనే టోకమాక్‌ను చూడు. 1997లో ఒక్క పరీక్షలో సుమారు 22 మెగాజౌళ్లు, 2021లో 59, 2023 అక్టోబర్‌లో 69. ఒకే యంత్రం, ఒకే కాటా. అది ఎదుగుదల. 69 అంటే 19 యూనిట్ల వేడి, దానికి ఖర్చయిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు. ఉప్పురవ్వల్లో నాలుగైదింటి బరువు ఉంటుందేమో. నీ వ్యాసంలో ఇది లేదు. ఇదే ఉండాల్సింది.

ఐటర్ తేదీల విషయంలో కూడా పాత కాగితం చూసి రాశావు. 2024లో ఇచ్చిన కొత్త లెక్క ప్రకారం పరిశోధనలు మొదలయ్యేది 2034లో, డ్యుటీరియం-ట్రిటియం వేసేది 2039లో. అప్పటికి నేనుండను, నువ్వు సరిచూడు.

ఇక అయిదో పేజీ. ‘మా నాన్న హజీరాలో ఐటర్ క్రయోస్టాట్ ముక్కలకు వెల్డింగ్ చేసినవాళ్లలో ఒకరు’ అని రాసి, చుక్క పెట్టి, మళ్లీ సూర్యుడి దగ్గరికి పరిగెత్తావు. అమ్మాయ్, ఎక్కడికి ఆ పరుగు? శ్రీకాకుళం నుంచి సూరత్ వైపు పనికి వెళ్లిన మనిషి మాస్కు పెట్టుకుని, ఫ్రాన్సులో 15 కోట్ల డిగ్రీల మంట చుట్టూ నిలబడబోయే క్రయోస్టాట్‌కు, అంటే యంత్రాన్నంతా శూన్యంలో ఉంచే పెద్ద స్టీలు పాత్రకు, అతుకు వేశాడు! 29 మీటర్ల ఎత్తు, 3,850 టన్నులు. ఎల్ అండ్ టీ దాన్ని 54 ముక్కలుగా చేసి ఓడలెక్కించింది. లోపల సున్నాకు 269 డిగ్రీల దిగువన అయస్కాంతాలు, వాటికి నాలుగడుగులు వేస్తే ఆ మంట. ఒక్క అతుకు గాలి పీల్చినా ఆ శూన్యం నిలవదు. ఇదంతా నాకు కాగితాల్లోంచి తెలుసు. మీ నాన్నకు చేతుల్లోంచి తెలుసు. ఆ వాక్యం చదివాక కాఫీ చల్లారిపోయింది.

వ్యాసం అక్కడ మొదలుపెట్టి తిరగరాయి. ఆయన్ని కూర్చోబెట్టి అడుగు: అతుకు సరిగా పడిందని ఎలా చూసేవాళ్లు? తప్పు దొరికితే ఎంతమేర కోసేవాళ్లు? అది ఎవరి పద్దులో రాసేవాళ్లు?

ఉంటాను.

తా.క. తిరగరాసింది పంపేటప్పుడు ఒకవైపే రాయి. రెండువైపులా రాస్తే ఇంకు ఇవతలికి దిగింది, మూడో పేజీ సగం ఊహించుకుని చదివాను. మీ నాన్నగారికి నా నమస్కారాలు.