తుప్పు మరకలో బొమ్మేముంది?

ప్రశ్న: పదిహేనేళ్లుగా నీటిరంగులు వేస్తున్నాను. విశాఖ ఆర్కే బీచ్, డాల్ఫిన్స్ నోస్, భీమిలి పడవలు అన్నీ చెయ్యి తనంతట తానే వేసేస్తోంది, నాకే విసుగొస్తోంది. ఈమధ్య ఒక ప్రదర్శనలో తుప్పు మరకలున్న గుడ్డ గోడకి వేలాడదీశారు. జనం ఆగి మరీ చూస్తున్నారు. నాకు మాత్రం మేకు తగిలి పాడైన దుప్పటిలా ఉంది. అందులో ఏముందో ఎలా తెలుస్తుంది? నా పనికి అదేమైనా ఉపయోగపడుతుందా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: దుప్పటి గుర్తొచ్చిందంటే మీరు సరిగ్గానే చూశారు. ‘దీని అర్థమేంటి’ అన్నది కాసేపు పక్కన పెట్టి, మూడు సంగతులు అడగండి. ఈ వస్తువు బొమ్మ కాకముందు ఏం పని చేసేది? కళాకారుడు చెయ్యి ఎక్కడ ఆపేశాడు? ఇదే పని ఇంకో పదార్థంతో చేస్తే ఏం పోతుంది?

మూడోదే అసలు గీటురాయి. 1944లో ఘనాలో పుట్టి నైజీరియాలో ఏళ్ల తరబడి పనిచేసిన శిల్పి ఎల్ అనాత్సుయి, మద్యం సీసాల అల్యూమినియం మూతల్ని చదును చేయించి, మడిచి, రాగి తీగతో కలిపి గోడంత తెరలు చేయిస్తారు. దూరం నుంచి జరీ బట్టలా మెరుస్తుంది, దగ్గరికెళ్తే మద్యం పేర్లు కనిపిస్తాయి. ఐరోపా వర్తకులు ఆఫ్రికాకి సారా తెచ్చి మనుషుల్ని పట్టుకుపోయిన చరిత్ర ఆ మూతల వెనకాల ఉంది. అదే తెర రంగు కాగితాలతో చేస్తే అందం మిగులుతుంది, ఆ చరిత్ర జారిపోతుంది.

తుప్పు గుడ్డకీ ఇదే పరీక్ష పెట్టండి. తడి గుడ్డకి ఇనుము ఆనించి ఉంచితే తుప్పే అచ్చు వేస్తుంది. గొలుసు కడియం పెట్టిన చోట ఇనుము గుడ్డకి తగిలిన గీత ముదురు గోధుమ రంగులో పడుతుంది. దాని చుట్టూ తడి పాకినంత మేర పలచటి నారింజ రంగు అంచు. ఆ అంచు ఎవరూ గియ్యలేదు. కుంచెతో దాన్ని అనుకరించి చూడండి, ఎంత తేలిపోతుందో. పైగా కిటికీ ఊచల దగ్గర్నుంచి బీచ్ రోడ్డు రెయిలింగు దాకా ఉప్పుగాలి తినేసే ఊళ్లో ఉంటూ తుప్పుని పరాయిదనుకోవడమేంటి! భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల ఎరుపు కూడా ఇనుము ఆక్సైడే, అంటే తుప్పు జాతిదే. (అక్కడి మట్టి మాత్రం ముట్టుకోకండి, అది కాపాడుకోవాల్సిన చోటు.) కలంకారీలో నలుపూ ఇనుముదే. తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి ఆ నీళ్లతో గీస్తారు. గుడ్డని ముందే కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో వగరునిచ్చే టానిన్ అనే పదార్థం ఇనుముతో కలిసి నల్లబడుతుంది, పాలు గీత పాకిపోకుండా ఆపుతాయి.

మీ నీటిరంగులు మానక్కర్లేదు. నెల రోజులు పడవ బొమ్మ వెయ్యకుండా, పడవకి సంబంధించిన ఇనుము ఏదైనా ఒక్కటి తీసుకుని దానిచేతే గుడ్డ మీద అచ్చు వేయించండి. ఆ తర్వాత కుంచె పట్టుకున్నప్పుడు తడి ఎక్కడ ఆపాలో మీ చేతికి వేరేలా తెలుస్తుంది.

ప్రశ్న: తుప్పు అద్దకం రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి రంగే పట్టలేదు. రెండోసారి మూడు రోజులుంచితే గుడ్డ చిరిగింది.
– గాజువాక పాఠకుడు

జవాబు: మొదటిసారి తప్పు గంజిదైనా కావాలి, మేకులదైనా కావాలి. కొత్త గుడ్డ గంజి పోవాలి: మీటరు నూలు గుడ్డని నాలుగు లీటర్ల నీళ్లలో రెండు చెంచాల బట్టల సోడా వేసి అరగంట ఉడికించి జాడించండి. జింకు పూత ఉన్న మేకులు, స్టెయిన్‌లెస్ స్టీలు పనికిరావు. కొత్త ఇనుముకి నూనె ఉంటుంది, సబ్బుతో కడిగి డాబా మీద కొన్నాళ్లు పడెయ్యండి. స్క్రాపు కొట్లో కొనేటప్పుడు ఓడల పెయింటు అంటుకున్న ముక్కలు వద్దు, ఆ రంగుల్లో విషపు లోహాలుంటాయి. చేతికి తొడుగులుండాలి. గిన్నెలు మళ్లీ వంటకి వాడకూడదు.

వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డ తడిపి, నీళ్లు కారనంతగా పిండి, ఇనుము చుట్టూ చుట్టి దారంతో గట్టిగా కట్టండి. పైన ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పాలి. తుప్పుకి తడి, గాలి రెండూ కావాలి. బకెట్లో ముంచి ఉంచితే గాలి అందక రంగు వెలవెలబోతుంది, ఆరిపోతే పని అక్కడే ఆగిపోతుంది. మే నెల ఎండల్లో ఎనిమిది గంటలకే విప్పి చూడండి. మామూలుగా 24 గంటలు చాలు, 48 దాటనివ్వకండి. ఇనుము రంగేస్తూనే నూలు పోగుని తింటుంది. మీ గుడ్డ చిరిగింది అందుకే.

తీశాక తుప్పు ఆగడానికి ఉప్పునీళ్లలో ముంచమనేవాళ్లున్నారు. అది మంచి సలహా కాదు, ఉప్పు తుప్పుని ఇంకా పెంచుతుంది. లీటరు నీళ్లకి పెద్ద చెంచాడు వంటసోడా కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టండి. తర్వాత మంచినీళ్లు మూడు నాలుగు సార్లు మార్చి జాడించి, పొడిగా రాలే తుప్పుని మెత్తటి బ్రష్‌తో దులిపి, నీడన ఆరెయ్యండి.

నలుపు కావాలంటే, ఇనుము చుట్టకముందే లీటరు నీళ్లకి 50 గ్రాముల కరక్కాయ పొడి కలిపి గుడ్డని అరగంట నానబెట్టి, జాడించకుండా పిండి పరిచి ఆరబెట్టండి. మడతలతో ఆరితే ఆ మడతలే చారలుగా తేలతాయి. కావాలనే అలా చేసేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న: ఫ్రేము కట్టించిన తుప్పు గుడ్డకి వానాకాలంలో బూజు పట్టింది.
– ఎంవీపీ కాలనీ

జవాబు: గుడ్డ అద్దానికి ఆనుకుని ఉండుంటుంది. మధ్యలో అయిదు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా అంచుకి పట్టీ పెట్టించండి. సముద్రం వైపు గోడ మీద నుంచి తీసి లోపలి గోడకి మార్చండి. ఉన్న బూజుని పొడి బ్రష్‌తో, ఆరుబయట, ముక్కుకి మాస్కు కట్టుకుని దులపండి. తడిగుడ్డ పెడితే తుప్పు మళ్లీ పని మొదలుపెడుతుంది.