‘ఇక్కడ ఎవరూ చేయలేదు’ అంటే సరిపోదు

ప్రశ్న: కమ్యూనిటీ మెడిసిన్ పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ‘హైదరాబాద్ బస్తీల్లో ఇళ్ల పనులకు వెళ్లే మహిళల్లో రక్తహీనత’ అని సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఇచ్చాను. 60 మందికి పరీక్ష చేయాలనుకున్నాను. ‘ఈ అంశంపై ఇక్కడ అధ్యయనాలు లేవు కాబట్టి అవసరం’ అని రాశాను. అవసరమేంటో తెలియడం లేదని వెనక్కి పంపారు. ఏం మార్చాలి?
– ఒక విద్యార్థిని, సికింద్రాబాద్

జవాబు: ఎవరూ చేయలేదంటే, అవసరం లేకే చేయలేదేమో అని చదివేవారికి అనిపిస్తుంది. మీ ప్రశ్నకు సగం జవాబు ముందే ఉంది కూడా. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో అది 53 శాతం. మీరు బస్తీలన్నీ తిరిగి 55 అనో 62 అనో తేల్చారనుకోండి, అది చూసి బస్తీ దవాఖానా డాక్టరు ఏం మారుస్తారు? ఏమీ మార్చరు. చిక్కంతా అక్కడే ఉంది.

ప్రశ్నను ఒక మెట్టు ముందుకు జరపండి. రక్తహీనత తగ్గించడానికి 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ పథకం కింద గర్భిణులు, బాలింతలు కాని 20–49 ఏళ్ల మహిళలకు వారానికో ఎర్ర మాత్ర అందాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మాత్ర ఉన్నా జబ్బు ఎందుకు తగ్గడం లేదు?

ఆశా కార్యకర్త పగలు తలుపు తట్టే వేళకు ఆమె పనిలో ఉండి, మాత్ర చేతికే రాకపోవచ్చు. వచ్చినా, వికారమని డబ్బాలో పడేసి ఉండొచ్చు. లేదా పని ఇంట్లో ఇచ్చిన టీతో మింగుతూ ఉండొచ్చు, టీలోని టానిన్లు ఐరన్‌ను ఒంటబట్టనివ్వవు. ఈ మూడింటికీ మందు వేరు. మొదటిదైతే ఇంటికి వెళ్లే వేళ మార్చాలి. రెండోదైతే రాత్రి అన్నం తిన్నాక వేసుకోమనాలి. మూడోదైతే టీకీ మాత్రకీ కనీసం గంట ఎడం పెట్టించాలి. ఏ ఫలితం వస్తే ఎవరు ఏం మారుస్తారో ఇలా రాయండి, అవసరం దానంతటదే కనిపిస్తుంది. ఏ జవాబు వచ్చినా చేసే పని ఒక్కటే అయితే ఆ అధ్యయనం మానుకోవడమే మేలని మా అభిప్రాయం.

‘మాత్ర వేసుకుంటున్నారా?’ అని అడిగితే మొహమాటానికి చాలామంది అవుననేస్తారు. మాత్రల షీటు తెప్పించి, ఖాళీ గళ్లు లెక్కపెట్టండి. రక్తపరీక్ష కూడా పెట్టుకుంటే, పైన చెప్పిన జాతీయ సర్వేలో వేలిచివర రక్తం తీశారని గుర్తుంచుకోండి. వేలిని నొక్కి పిండితే కణజాల ద్రవం కలిసి లెక్క తప్పుతుంది. మీరు నరం నుంచి తీస్తే, మీ అంకెను 57 పక్కన పెట్టి పోల్చకూడదు.

ఇక ఆ 60. వారిలో 24 మంది మాత్ర వాడుతున్నారని తేలితే 40 శాతం అంటారు. కానీ అసలు శాతం 28 నుంచి 52 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంత వెడల్పు అంచనాతో ఎవరూ నిర్ణయం తీసుకోలేరు, ఆ మహిళల సమయం మాత్రం పోతుంది. ఎంతమంది వాడుతున్నారో ముందే తెలియదు కాబట్టి 50 శాతమనుకుని, 7 శాతం తేడాను ఒప్పుకుంటే 196 మంది కావాలి. ఒకే బస్తీవాళ్లకు వచ్చే ఆశా కార్యకర్త ఒకరే, జవాబులూ ఒకేలా ఉంటాయి. అందుకని 1.5తో గుణిస్తే 294. పదిమందిలో ఒకరు వద్దంటారని కలుపుకుంటే 327. తేడా 5 శాతమే ఉండాలంటే ఇదే లెక్కన 642 అవుతుంది, ఒక్కరే తిరిగే పీజీకి అది భారం. రెండు మూడు బస్తీల్లోనే అందరినీ తీసుకోకుండా, ఎక్కువ బస్తీల్లో కొద్దిమంది చొప్పున ఎంచుకోండి.

హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ వచ్చినవారిని ఏ దవాఖానాకు పంపుతారో, చీటీ ఎవరు రాస్తారో కూడా సినాప్సిస్‌లో ఉండాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్కరినీ కలవొద్దు.